గుడ్లగూబ రాణి లోపలి కుట్లు

పోయిన వారం నేను ఎలుక వేషంలో, జనం మధ్యలో, నోరు తెరుచుకుని నిలబడిపోయిన దగ్గర ఆగాం. ఆ నోరు ఆదివారం పొద్దుటికి గానీ మూతపడలేదు. మూతపడ్డాక పళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పేస్తాను. బట్టలు కత్తిరించి కుట్టే చదువు కోసం ఈ పరాయి దేశం వచ్చాను. మా పెద్దమ్మ కూతురింట్లో, మేడ మీది చిన్న గదిలో ఉంటున్నాను. ఈ ఊళ్ళో ఏడాదికోసారి శని, ఆదివారాలు వేషాల సంబరం జరుగుతుంది. వేషం లేనిదే ఎవరినీ గేటు దాటనివ్వరు. అక్కకి ఆ సంబరమంటే ప్రాణం. ఈసారి గుడ్లగూబ రాణి కావాలంది. కావాలంది అక్క, కుట్టింది నేను. చలికాలమంతా కాలేజీ నుంచి రావడం, మిషన్ ముందు కూర్చోవడం. ఒక్కో ఈక విడిగా కత్తిరించి, అంచు మడిచి, చెయ్యెత్తితే వరస వెనక వరస విచ్చుకునేలా కుట్టాను. అడిగిన వాళ్ళకి ఇద్దరి పేర్లూ చెప్పాలన్నది మా ఒప్పందం. శనివారం సాయంత్రం వేదిక మీద మైకు పట్టుకున్నాయన, ‘ఇది ఎవరి చేతిపని?’ అని అడిగాడు. అక్క రెండు రెక్కలూ చాపి, ‘నాదే, ఒక్క ఈకని కూడా ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదు’ అంది.

అదీ జరిగింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు.

చప్పట్లతో పోయేదైతే నేనూ మింగి ఊరుకునేదాన్ని. ఈ ఊరి పెద్ద నాటకశాలకి సొంత కుట్టుగది ఉంది. ఏటా ఈ సంబరంలో ఆదివారం నాడు ఆ గది పెద్దావిడ వేషాలు తనిఖీ చేసి, ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని కుట్టినవాళ్ళకి ఏడాది పాటు ఆ గదిలో పని ఇస్తుంది. నా చదువు ఈ వేసవితో అయిపోతుంది. ఆ పని దొరికితే ఈ దేశంలో ఉంటాను, నేర్చుకోవలసింది నేర్చుకుంటాను. దొరక్కపోతే పెట్టె సర్దుకోవడమే. ఆ సంగతి అక్కకి తెలుసు. తెలిసే మైకు పట్టుకుంది.

ఆదివారం పొద్దున కారులో ముగ్గురం మూడు దిక్కులు చూస్తూ కూర్చున్నాం. బావ నడుపుతున్నాడు. అక్క పక్క సీట్లో. వెనక సీట్లో నేను, నా ఒళ్ళో రాణిగారి రెక్కలు. నలుగుతాయని అక్క వాటిని డిక్కీలో పెట్టనివ్వలేదు. మనిషిని నలిపితే పరవాలేదు, ఈకలు నలగకూడదు.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. మా అమ్మ దర్జీ. వీధి గదిలో మిషన్ పెట్టుకుని వాడకట్టు మొత్తానికీ జాకెట్లు కుడుతుంది.

“పెద్దమ్మ ఫొటో పంపించిందే. మా అమ్మాయి ఒక్కతే కుట్టిందని ఊరందరికీ చెప్పుకుంటోంది. నువ్వు కదే కుట్టింది?”

ముందు సీట్లో అక్క మెడ బిగుసుకోవడం నాకు కనపడుతూనే ఉంది.

“అవునమ్మా, నేనే.”

“పోనీలే. పరాయిదా? అక్కే కదా. అక్కడ నీకు నిలవనీడ ఇచ్చింది, నోరు పారేసుకోకు. అన్నట్టు, పక్కన గుడ్డ వదిలావా? మూడు కుట్లూ వేశావా?”

“వేశానమ్మా.”

“అదీ. పని శుభ్రంగా ఉండాలి.”

ఫోన్ పెట్టేశాను. కూతురి కష్టం ఇంకొకరి ఖాతాలో పడితే ‘పోనీలే’ అట, పక్క కుట్టు మాత్రం పోకూడదట. మా ఇంటి ఆడవాళ్ళకి ఈ ‘పోనీలే’ ఉగ్గుపాలతో పోస్తారనుకుంటాను. పెద్దమ్మ దగ్గర అమ్మ ఎన్ని పోనీలేలు అందో నాకు తెలుసు. పెద్దమ్మ ఇంట్లో పెళ్ళిళ్ళన్నిటికీ జాకెట్లు కుట్టింది అమ్మ, భోజనాల పంక్తిలో చివర కూర్చుందీ అమ్మే. ఆ ఆస్తిని నాకు అంటగట్టాలని చూస్తోంది. నాకు వద్దు.

వేషాలు వేసుకునే గది ఒక పొడుగాటి హాలు. గోడ పొడవునా అద్దాలు, అద్దాల చుట్టూ బల్బులు, వాటిలో సగం వెలగవు. నేల నిండా గుండుసూదులు. కాలిన ఇస్త్రీ వాసన, పౌడరు వాసన కలిసి ముక్కు దిబ్బడ వేయిస్తున్నాయి. ఒక మూల సగం గుర్రం అయినాయన తన తోక తనే దువ్వుకుంటున్నాడు. మొహమంతా ఆకుపచ్చ రంగు పూసుకున్న ఒకావిడ ఫోన్లో ఎవరికో గ్యాస్ కట్టెయ్యమని చెబుతోంది.

నేను ఎలుక తొడుగు వేసుకున్నాను. అది రాణిగారి లైనింగులో మిగిలిన ముక్కలతో కుట్టుకున్నది. పెద్ద పెద్ద చెవులు పెట్టాను, నడిస్తే ఊగుతాయి. శనివారం నాడు ముచ్చటగానే ఉన్నాయి. ఆదివారం నాడు తెలిసింది, చెవులూపుకుంటూ కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో.

“అక్కా, తనిఖీలో నాటకశాల ఆవిడ అడిగినప్పుడు నా పేరు చెప్తావా, చెప్పవా?”

అక్క అద్దంలో చూసుకుంటూ గుడ్లగూబ కనుబొమలు దిద్దుకుంటోంది. చెయ్యి ఆగలేదు.

“మళ్ళీ మొదలెట్టావా? నిన్ననే సర్ది చెప్పాను కదే. వేదిక మీద రెండు పేర్లు చెప్తే గందరగోళం అవుతుంది.”

“ఇవాళ వేదిక కాదు. గదిలో ఒక్కావిడే ఉంటుంది. రెండు పేర్లు ఆవిడకి అర్థం అవుతాయి.”

“చూడు.” కుంచె కింద పెట్టింది. “ఆలోచన నాది. గుడ్డ నేను తెచ్చాను. రంగులు నేను ఎంచాను. వేసుకునేది నేను. నువ్వు కుట్టావు, అంతే కదే!”

కుట్టావు, అంతే. కన్నావు, అంతే. వండావు, అంతే. ఆ ‘అంతే’ ఉంది చూశారూ, అది విన్నాక నా ఒళ్ళు మండిపోయింది.

“అయితే ఆ ‘అంతే’ తీసేసి వెళ్ళక్కా. ఆలోచన వేసుకుని వెళ్ళు. ఎంత అందంగా ఉంటావో చూద్దాం.”

సగం గుర్రం ఇటు తిరిగింది. భాష తెలియకపోయినా గొడవ ఎవరికైనా తెలుస్తుంది.

బావ మా ఇద్దరి మధ్యా నిలబడి ఉన్నాడు. ఆయన వేషం చెట్టు. రాణిగారు ఊరేగింపులో వాలడానికి ఒక చెట్టు కావాలి కదా, మొగుణ్ణి చెట్టు చేసింది. అట్టముక్కల బెరడు మోకాళ్ళ దాకా వచ్చింది. పాపం కూర్చోలేడు, వంగలేడు. టీ తాగాలన్నా కొమ్మలు అడ్డం.

“పోనీ ఇద్దరూ కలిసి కుట్టామని చెప్పకూడదూ?” అన్నాడు, కర్ర విరగకుండా పాము చావకుండా.

“మీరు ఊరుకోండి,” అంది అక్క.

“ఊరుకున్నాను. నేను చెట్టుని. నాకు మాటల్లేవు.”

ఇంకో రోజయితే నవ్వేదాన్ని. అక్క నా వైపు తిరిగింది. ఒక కనుబొమ గుడ్లగూబది, ఒకటి తనది.

“నీకేమే, చిన్నదానివి. చదువుంది, ముందు బోలెడు బతుకుంది. ఆరేళ్ళుగా ఆ ఆఫీసులో అదే కుర్చీలో అరిగిపోతున్నాను నేను. నా పేరు సరిగ్గా పలకడం కూడా రాదు అక్కడ ఎవరికీ. నిన్న అంతమంది చప్పట్లు కొడుతుంటే ఎలా ఉందో తెలుసా నీకు? ఒక్కసారి. ఒకే ఒక్కసారి నాకు దక్కితే నీ సొమ్మేం పోయింది?”

గొంతు వణికింది. అది నటన కాదు. నాకు జాలి వేసింది, అబద్ధం ఎందుకూ. ఆరేళ్ళు అదే కుర్చీ అంటే మాటలు కాదు. అయితే జాలి వేసింది కదా అని చేతులు కోసి పళ్ళెంలో పెట్టి ఇవ్వలేం.

“నా సొమ్మే పోతోందక్కా. ఏడాది పని పోతోంది. ఆ పని నీకిస్తే ఏం చేస్తావు? వాళ్ళు సూది చేతికిస్తే?”

“అప్పుడు చూసుకుందాం. నేను చేరాక నిన్ను తీసుకోమని చెప్తాను. నాకు నువ్వు సాయం ఉందువు గానీ.”

అంటే అక్కడా నాకు మేడ మీది గదే. ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య అన్న మాటకి అర్థం నాకు ఆ అద్దం ముందు బోధపడింది. ఇంకేదో అనబోతుండగా తలుపు దగ్గర నుంచి గుడ్లగూబ రాణిని పిలిచారు. అక్క గబగబా రెండో కనుబొమ కూడా దిద్దుకుంది. గుండుసూదుల పెట్టె నా చేతిలో పెట్టింది.

“లోపలికి రా. సాయానికి ఒకళ్ళని రానిస్తారు. వచ్చి నోరు మూసుకుని నిలబడు.”

తనిఖీ గది చిన్నది. మధ్యలో తెల్లగుడ్డ పరిచిన పెద్ద బల్ల, పైన ఆస్పత్రి దీపం లాంటి దీపం. బల్ల వెనక నాటకశాల కుట్టుగది పెద్దావిడ. మెడలో కొలత టేపు, మంగళసూత్రంలా ఎప్పుడూ తియ్యదట. శనివారం చూసినప్పుడే నేను ఆవిడకి టేపమ్మ అని పేరు పెట్టేసుకున్నాను. ఆవిడ వేషం వేసుకోలేదు. ఆ టేపే ఆవిడ వేషం అని గేటు వాళ్ళు సరిపెట్టుకున్నారో ఏమో.

బావ కొమ్మలు తలుపులో ఇరుక్కున్నాయి. పక్కకి తిరిగి, పీతలా నడిచి లోపలికి వచ్చి గోడకి ఆనుకున్నాడు. చెట్టు కూడా వేషంలో భాగమని టేపమ్మ ఏమీ అనలేదు.

“పైవైపు నిన్న చూశాను,” అందావిడ. “పైవైపు అందరూ అందంగానే చేస్తారు. నేను లోపలివైపు చూస్తాను.”

రాణిగారి కోటు తీసుకుని ఒక్క విసురున తిరగేసింది.  నాలుగు నెలలు నేనొక్కదాన్నే చూసిన వైపు అది. ఆవిడ వేళ్ళతో తడుముతూ పోయింది. మెడ దగ్గర ఆగి, “ఇక్కడ గుడ్డ లాగలేదు. మంచి పని,” అంది. అక్క తల వంచి థాంక్స్ చెప్పింది. ఈకల వరసలూ, రెక్కలు కట్టే పట్టీల తొడుగూ చూసి, “బరువంతా భుజం మీద పడకుండా నడుముకి దించారు. ఎక్కడ నేర్చుకున్నారు?” అంది. అక్క సిగ్గుపడుతున్నట్టు నవ్వింది.

“ఎవరూ నేర్పలేదండీ. చిన్నప్పటినుంచీ చేతికి అలా వచ్చేసింది.”

చేతికి వచ్చేసిందట! కొత్త చీర కొంగుకి పీకో చేయించుకోవడానికి కూడా మా అమ్మ దగ్గరికే పరిగెత్తుకొచ్చే చెయ్యి అది. నా చేతిలో సూదుల పెట్టె గలగలమంది. టేపమ్మ నా వైపు ఒకసారి చూసి మళ్ళీ పనిలో పడింది.

తర్వాత పక్క కుట్టు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆవిడ వేళ్ళు ఆగిపోయాయి. దీపం దగ్గరికి లాగింది. కళ్ళద్దాలు పైకి తోసి చూసింది.

“ఇదేమిటి?”

కోటు రెండు పక్కలా లోపల నాలుగు వేళ్ళ వెడల్పు గుడ్డ వదిలి ఉంది. దాని మీద పక్కపక్కనే మూడు కుట్లు.

“ఇంత గుడ్డ లోపల ఎందుకు మిగిలింది? ఒకే చోట మూడు కుట్లేమిటి? ఒకటి తప్పుగా పడితే విప్పకుండా రెండోది వేశారా? అదీ తప్పితే మూడోదా?” ఆవిడ మొహం ముడుచుకుంది. “అంత మంచి మెడ కుట్టిన చెయ్యి ఇలా కుట్టదే.”

మన దగ్గర ఇది చంటిపిల్లకి కూడా తెలిసిన సంగతి. జాకెట్టు ఒక్క ఏడాదికి కుట్టరు. లోపల గుడ్డ వదిలి, ఒకదాని పక్కన ఒకటి మూడు కుట్లు వేస్తారు. ఒళ్ళు వస్తే ఒక కుట్టు విప్పుకుంటారు. ఇంకాస్త వస్తే రెండోది. తల్లి జాకెట్టు కూతురికి, కూతురిది చెల్లెలికి. ఈ దేశంలో బట్టలు అలా కుట్టరు. లోపల మిగిలిన గుడ్డని కత్తిరించి పారేస్తారు. ఒళ్ళు వస్తే కొత్తది కొనుక్కుంటారు. ఆ సంగతి కాలేజీలో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. అయినా మిషన్ ముందు కూర్చున్నాక నా చేతులు అమ్మ చేతులైపోయాయి. గుడ్డ కత్తిరించెయ్యడానికి మనసొప్పలేదు.

అక్కకి అది తెలియదా? ఎందుకు తెలియదు! తన పెళ్ళి జాకెట్లన్నీ అమ్మ కుట్టినవే. ఆ పక్క కుట్లు విప్పుకునే ఇవాళ్టికీ వేసుకుంటోంది. ఒక్క మాట చెబితే అయిపోయేది. మా దగ్గర ఇలాగే కుడతారండీ, ఇందుకోసం కుడతారండీ అంటే ఆవిడ మొహం విచ్చుకునేది. నేను అక్క నోటి వంకే చూస్తున్నాను. నా పేరు పోతే పోయింది, అమ్మ పనితనం గురించైనా ఒక మంచి మాట అంటుందనే అనుకున్నాను.

అక్క టేపమ్మ మొహంలో చిరాకు చూసింది. చూసి, తెల్లబోయి, చటుక్కున నా వైపు చెయ్యి చూపించింది.

“అది నేను కాదండీ. మా చెల్లెలు. ఏదో నేర్చుకుంటానంటే ఆ పక్క కుట్లు రెండూ దానికి ఇచ్చాను. పని సరిగ్గా రాదు, చెప్పినా వినదు. నేను చూసుకోవలసింది. సారీ.”

అర్థమైందా మీకు? మెడ తనది. ఈకలు తనవి. భుజాలు తనవి. తప్పు మాత్రం నాది! శనివారం ఒక్క ఈకని కూడా ఇంకొకరిని ముట్టుకోనివ్వలేదన్న మనిషి, ఆదివారం మధ్యాహ్నానికి నాకు రెండు కుట్లు దానం చేసింది. అదీ మా అమ్మ కుట్లు. తను జాకెట్టు బిగుసుకుని ఊపిరాడక మా ఇంటికి వస్తే అమ్మ నోటితో దారం తెంపి, విప్పి, వదులు చేసి పంపిన ఆ కుట్లని ‘పని సరిగ్గా రాదు’ అంది.

సూదుల పెట్టె బల్ల మీద పెట్టాను. పెట్టానంటే, మోగింది.

“మేడమ్, ఆ కుట్లు నావే.”

“ఏయ్,” అంది అక్క మన భాషలో. మొహం మీద నవ్వు చెరగలేదు. చూసేవాళ్ళు ముద్దుగా ఏదో చెబుతోందనుకుంటారు. “నోరెత్తావంటే ఊరుకోను. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. పరువు తియ్యకు.”

మా ఇళ్ళల్లో ఇదో విద్య. పరాయివాళ్ళ ముందు నవ్వుతూ, మన భాషలో గిల్లడం. నేను ఈ దేశం భాషలోనే, గది మొత్తానికీ వినపడేలా జవాబు చెప్పాను.

“పరువు తియ్యనక్కా. కుట్టు సంగతి చెప్తాను. మేడమ్, అది తప్పు కాదు. మూడు కుట్లూ కావాలనే వేశాను. మనిషి ఒళ్ళు ఎప్పుడూ ఒక్కలాగే ఉండదు. మా అమ్మ దర్జీ. బట్ట కుట్టేటప్పుడు ముందు ముందు ఆ మనిషి ఎలా ఉంటుందో కూడా చూసి కుట్టాలంటుంది. ఇక్కడి లెక్కలో అది తప్పయితే మార్కులు తగ్గించుకోండి. కానీ మెడ కూడా నాదే. భుజాలూ నావే. ఈకలు కూడా నావే. తప్పు నాదైతే మిగతాది కూడా నాదే అవ్వాలి కదా?”

చెవులు ఊగాయి. ఊగనియ్యండి.

టేపమ్మ కోటు కింద పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“చిన్నపిల్లండీ,” అంది అక్క. “నిన్నటి చప్పట్లు చూసి కాస్త ఈర్ష్య. మా ఇంట్లోనే ఉంటుంది. చదువుకుంటోంది. నేనే చూసుకుంటున్నాను.”

“మీ ఇంటి తగువు నాకు అక్కర్లేదు,” అంది టేపమ్మ. “నా గదికి ఒక మనిషి కావాలి. దీన్ని కుట్టిన మనిషి. అది తేలకపోతే ఈ వేషాన్ని పక్కన పెట్టేస్తాను. మీ ఇద్దరిలో ఎవరికీ లేదు.” గోడ వైపు తిరిగింది. “మీరు ఆ ఇంట్లోనే ఉంటారు కదా. ఎవరు కుట్టడం చూశారు?”

చెట్టు కదిలింది. ఆకులు గలగలమన్నాయి.

నా ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే బావ చూడ్డం మాత్రమే కాదు, చేశాడు కూడా. సాయంత్రాలు టీవీ పెట్టుకుని నా ఎదురుగా కూర్చుని, అట్ట పెట్టి ఈకలు కత్తిరించి ఇచ్చేవాడు. కత్తెర పట్టి పట్టి బొటనవేలు కాయ కాచింది. ‘ఈకల కాంట్రాక్టరుని’ అని తనకి తనే పేరు పెట్టుకుని నవ్వేవాడు. ‘నీ చెయ్యి బంగారం మరదలా’ అన్నది ఆ నోరే.

“బావా, చెప్పండి,” అన్నాను.

అక్క ఆయన వైపు చూసిందంతే.

బావ గొంతు సవరించుకున్నాడు. “నేను... పొద్దున్నే ఆఫీసుకి వెళ్తే చీకటి పడ్డాక వస్తానండీ. పెద్దగా గమనించలేదు.”

గమనించలేదు! గోడ మీద పిల్లి అంటారు గానీ, పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు దూకే బుద్ధి పుడుతుంది. అక్క అబద్ధం చెబితే వచ్చిన కోపం వేరు. ఆవిడకి కావలసింది ఒకటుంది, దాని కోసం చెప్పింది. ఈయనకి ఏం కావాలి? రాత్రి భోజనం దగ్గర సణుగుడు లేకపోతే చాలు. ఒక పూట ప్రశాంతత కోసం నా ఏడాదిని అమ్మేశాడు. నాకు ఏడుపు వచ్చింది, వచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఎలుక చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాను.

టేపమ్మ కోటుని మళ్ళీ సరివైపుకి తిప్పింది. బయట నుంచి డప్పులు వినపడుతున్నాయి. ఊరేగింపు బారులు తీరుతోంది.

“చివరిగా ఒకటి,” అంది. “ప్రతి వేషాన్నీ ఒంటి మీద చూశాకే నా మాట చెప్తాను. వేసుకోండి. ఇక్కడే, నా ముందు.”

అక్కకి ప్రాణం కుదుటపడింది. వేసుకోవడం తన రాజ్యం. బల్ల దగ్గరికి వెళ్ళి, నాకు వీపు పెట్టి, రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది.

ఈ నాలుగు నెలలూ అంతే. కొలత చూడాలంటే అలా నిలబడేది. ఒక చేతిలో ఫోన్, ఒక చెయ్యి గాల్లో. నేను చుట్టూ తిరిగి ఎక్కించాలి, బిగించాలి, విప్పాలి. ఏది దేని కింద పోతుందో, ఏ బొందు ఎక్కడ ముడి పడుతుందో ఆవిడ ఒక్కసారైనా తల తిప్పి చూసిన పాపాన పోలేదు. చూడాల్సిన అవసరం రాలేదు, నేనున్నాను కదా.

“రావే,” అంది మన భాషలో, మెత్తగా. “రెక్కలు ఎక్కించు. టైమైపోతోంది.”

నేను కదల్లేదు.

“ఏమే, వినపడలేదా?”

ఇంకాస్త మెత్తబడింది. “బంగారం కదూ. ఇది అయిపోనీ. ఇంటికెళ్ళాక నీకేం కావాలన్నా సరే. మా అమ్మకి నేనే ఫోన్ చేసి మొత్తం చెప్తాను. నా మీద ఒట్టు.”

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. చాపిన ఆ చేతులు చూస్తే నాకు భయం వేసింది కూడా. ఈ గది దాటాక నాకు మేడ మీద గది ఉండదు. పెద్దమ్మ ఫోన్ చేస్తుంది, అమ్మ ఏడుస్తుంది, ఊళ్ళో నా పేరు ‘అన్నం పెట్టిన చెయ్యి కరిచింది’ అని మారుమోగుతుంది. అన్నీ కళ్ళ ముందు కనపడ్డాయి. పోనీలే అనడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“నువ్వే కుట్టావుగా అక్కా,” అన్నాను, ఈ దేశం భాషలోనే. “నువ్వే వేసుకో.”

 బయట డప్పులు మోగుతున్నాయి.

అక్క చేతులు దించింది. నవ్వు అలాగే ఉంది, కింద దవడ బిగిసింది. కోటు అందుకుని తొడుక్కుంది. హుక్కులు పెట్టుకుంది. ఆ తర్వాత ఒక రెక్క ఎత్తి భుజం మీద పెట్టుకుంది. అది జారింది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ జారింది. దాన్ని దేనికి కట్టాలో వెతుక్కుంటూ వీపు తడుముకుంది. రెక్కలు కోటుకి కట్టేవి కావు. కోటు కిందే ఒంటికి ఆ పట్టీల తొడుగు ముందుగా వేసుకోవాలి. భుజాల దగ్గర చీలికల్లోంచి రెక్కల బొందులు లోపలికి పోనిచ్చి దానికి ముడి వెయ్యాలి. బరువుని నడుముకి దించేది అదే. ఆ తొడుగు బల్ల మీద అక్క మోచేతి పక్కనే పడి ఉంది. అక్క దాన్ని చూసింది. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చివరికి అదేదో బెల్టు అనుకుని కోటు పైనుంచి నడుముకి చుట్టుకుంది.

టేపమ్మ మెడలోంచి టేపు తీసింది. తీసి, మడత పెట్టి, బల్ల మీద పెట్టింది. 

“ఇది... మా చెల్లెలు ఎక్కిస్తుంది ఎప్పుడూ,” అంది అక్క. మొహం మీద చెమట పట్టి గుడ్లగూబ కనుబొమ కారుతోంది. “కంగారులో ఉన్నాను కదండీ, అందుకని...”

అప్పుడు ఆకులు గలగలమన్నాయి. బావ గోడ వదిలిపెట్టాడు. అక్కకి సాయం చెయ్యడానికి వస్తున్నాడనుకున్నాను. అక్క కూడా అదే అనుకుని రెక్క ఆయన చేతికి అందించబోయింది. ఆయన ఆ రెక్క పక్కనుంచి నడిచి వెళ్ళి బల్ల ముందు ఆగాడు. కొమ్మ చేతిని దీపం కిందికి చాపి, కాయ కాసిన బొటనవేలు టేపమ్మకి చూపించాడు.

“ఆ ఈకలు కత్తిరించింది ఈ చెయ్యండీ,” అన్నాడు. “ఎవరు అందుకుని కుట్టారో, ఇప్పుడు అడగండి నన్ను.”

“ఏవండీ!” అని అరిచింది అక్క.